అద్దెకు నలభై రెట్లు



పోయిన డిసెంబరులో, క్రిస్మస్ సెలవలప్పుడు, మా చెల్లెలి కూతురు రాత్రి పదింటికి ఫోన్ చేసింది. విజయవాడలో బి.డి.ఎస్. అయ్యాక అమెరికా వచ్చి, ఇక్కడి డెంటల్ డిగ్రీ డి.డి.ఎస్. మళ్ళీ చదువుతోంది. అప్పటికి చివరి ఏడాది. రెసిడెన్సీ కోసం తొమ్మిది చోట్ల ఇంటర్వ్యూలు ఇచ్చి వచ్చింది.

“పెద్దమ్మా, లిస్టు పెట్టాలి. గడువు పది రోజులే ఉంది. ఎక్సెల్ షీటు వేసుకున్నా. ఎక్కువ ఇచ్చేవాళ్ళని పైన పెట్టుకుంటూ కిందికి వచ్చేయనా?” అంది.

“షీటులో ఎన్ని కాలమ్స్ ఉన్నాయే?” అన్నాను.

“రెండు. ప్రోగ్రాం పేరు, స్టైపెండు.”

ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ షీటులో లేని కాలమ్స్ గురించే. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అమెరికాలో డెంటిస్ట్రీ చదువుతున్న పిల్లలుంటే, ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కొన్ని లెక్కలు చెబుతాను. నెమ్మదిగానే చెబుతాను.

ముందు ఈ రెసిడెన్సీ, అంటే డిగ్రీ తరవాతి శిక్షణ, సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇక్కడ ఎం.డి. చదివినవాళ్ళు రెసిడెన్సీ చేయకుండా ప్రాక్టీసు పెట్టలేరు. డెంటిస్టులకు చాలా రాష్ట్రాల్లో ఆ నిర్బంధం లేదు. డిగ్రీ చేతికొచ్చి, పరీక్షలు పాసై, లైసెన్సు తెచ్చుకుంటే మర్నాటి నుంచి పళ్ళు పీకొచ్చు. న్యూయార్క్‌లో మాత్రం అలా కుదరదు. 2007 నుంచి అక్కడ లైసెన్సు కావాలంటే కనీసం ఏడాది రెసిడెన్సీ చెయ్యాల్సిందే. డెలావేర్‌లోనూ అంతే. మిగతా చోట్ల ఇష్టమైనవాళ్ళు చేస్తారు.

అలా చేసేవాళ్ళలో ఎక్కువమంది చేరేవి రెండు రకాలు. ఒకటి జి.పి.ఆర్., జనరల్ ప్రాక్టీస్ రెసిడెన్సీ. ఇది ఆస్పత్రిలో. రాత్రి డ్యూటీలుంటాయి, ఎమర్జెన్సీ రూం ఉంటుంది, మత్తుమందు ఇచ్చే డాక్టర్ల దగ్గర కొన్ని వారాలు పనిచేయాలి. రెండోది ఏ.ఇ.జి.డి. ఇది ఎక్కువగా క్లినిక్కులో, పగటి పని. రెండూ ఏడాదివే, కొన్నిచోట్ల రెండో ఏడాది కూడా ఉంటుంది. పిల్లల పళ్ళు, రూట్ కెనాల్, క్లిప్పులు, దవడ సర్జరీ లాంటి స్పెషాలిటీలు వేరే. వాటి డబ్బు కథ కూడా వేరే. అక్కడికి తరవాత వస్తాను.

సీటు దొరికే పద్ధతి మాత్రం అచ్చం మన పెళ్ళి సంబంధాలే. దీన్ని మ్యాచ్ అంటారు. పిల్లలు తమకు నచ్చిన ప్రోగ్రాంలను వరసగా రాసి ఇస్తారు. ప్రోగ్రాంలవాళ్ళు తాము చూసిన పిల్లలను వరసగా రాసి ఇస్తారు. కంప్యూటరు రెండు జాబితాలూ కలుపుతుంది. జనవరి మొదట్లో జాబితా ఇస్తే నెలాఖరుకి ఈమెయిల్ వస్తుంది. పెళ్ళి సంబంధాలని సరదాకి అనలేదు. 1962లో గేల్, షాప్లే అనే ఇద్దరు గణితవేత్తలు కాలేజీ సీట్లనూ పెళ్ళిళ్ళనూ ఒకే వ్యాసంలో పెట్టి, రెండింటికీ పనికొచ్చే లెక్క ఒకటి చూపించారు. ఆ షాప్లేకి, దాన్ని డాక్టర్ల మ్యాచ్ దాకా తెచ్చిన ఆల్విన్ రాత్‌కి కలిపి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. వివరాలు మనకక్కర్లేదు. దాన్నించి తెలుసుకోవాల్సింది ఒక్కటే. మీకు నిజంగా ఏది ఎక్కువ నచ్చిందో దాన్నే పైన రాయాలి. ‘వాళ్ళు నన్ను తీసుకోరేమోలే’ అని కిందికి దించితే మీకే నష్టం. ఆ లెక్క అభ్యర్థి వైపు నుంచే కట్టింది.

ఇంకో సంగతి, ఇక్కడ బేరం లేదు. మ్యాచ్ ఎక్కడ పడితే అక్కడికే వెళ్ళాలి, అది ఒప్పందం. ‘అయిదు వేలు పెంచితే వస్తా’ అనడానికి వీల్లేదు. కాబట్టి డబ్బు గురించి మీరు ఆలోచించాల్సిన రోజు ఒక్కటే, ఆ జాబితా పంపే ముందు రోజు. అందుకే మా అమ్మాయి రాత్రి పదింటికి ఫోన్ చేసింది.

కొన్ని ప్రోగ్రాంలు జీతమిస్తే, కొన్ని ఎదురు ఫీజు అడుగుతాయి. ఎందుకిలా? ఆ డబ్బు ఎక్కణ్ణించి వస్తోందో చూస్తే అర్థమవుతుంది. ఆస్పత్రుల్లో రెసిడెంట్ల ఖర్చులో పెద్ద భాగం మెడికేర్ భరిస్తుంది. మెడికేర్ అంటే 65 ఏళ్ళు దాటినవాళ్ళకు ఇక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. 1997లో ఒక చట్టం చేసి, ఒక్కో ఆస్పత్రిలో ఎంతమంది రెసిడెంట్లకు మెడికేర్ డబ్బు ఇవ్వాలో పరిమితి పెట్టారు. గమ్మత్తేమిటంటే ఆ పరిమితి మెడికల్ రెసిడెంట్లకే, డెంటల్ వాళ్ళకు లేదు. అంటే ఆస్పత్రి ఇంకో డెంటల్ రెసిడెంటును చేర్చుకుంటే ఆ డబ్బు రావడానికి తలుపు ఇప్పటికీ తెరిచే ఉంది. అందుకే ఆస్పత్రి ప్రోగ్రాంలు ధైర్యంగా జీతమిస్తాయి. చాలా ఆస్పత్రుల్లో మొదటి ఏడాది రెసిడెంటుకి ఒకటే స్కేలు, గుండె చూసేవాడైనా పన్ను చూసేవాడైనా. పిల్లల ఆస్పత్రులకు 1999 నుంచి వేరే నిధి ఉంది. పేదల బస్తీల్లోని ఆరోగ్య కేంద్రాలకు 2010 తరవాత ఇంకో నిధి వచ్చింది, దాంట్లో డెంటల్ రెసిడెన్సీలు కూడా నడుస్తున్నాయి.

డెంటల్ కాలేజీ నడిపే ప్రోగ్రాంకి ఈ ఊతం చాలాసార్లు ఉండదు. అది క్లినిక్కులో వచ్చే ఫీజు మీద, విద్యార్థి కట్టే ట్యూషన్ మీద బతకాలి. కాబట్టి ఏదైనా ప్రోగ్రాం పేరు వినగానే మొదట అడగాల్సింది, ‘ఇది ఆస్పత్రిదా, కాలేజీదా?’ అని. సగం జవాబు అక్కడే వస్తుంది.

ఇక లెక్కలు. ఈమధ్య ఆస్పత్రుల్లో మొదటి ఏడాది స్టైపెండు మామూలుగా 60,000 డాలర్ల పైనే ఉంటోంది. న్యూయార్క్ నగరంలో 80,000 దాటినవీ ఉన్నాయి. మనం రెండు ఊళ్ళు అనుకుందాం. టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో, ఏడాదికి 65,000. న్యూయార్క్ నగరం, 85,000. చూడ్డానికి 20,000 తేడా. నెలకు 1,600 పైచిలుకు. ఎవరైనా న్యూయార్కే అంటారు.

ఇప్పుడు కోతలు వెయ్యండి. 2024 పన్ను రేట్లతో, పెళ్ళికాని ఒక మనిషికి లెక్క కడుతున్నాను. కేంద్ర ప్రభుత్వ పన్ను ఇద్దరికీ ఉంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి నూటికి 7.65 ఇద్దరికీ ఉంది. రెసిడెంట్లు విద్యార్థులే కదా, వాళ్ళ దగ్గర ఇది వసూలు చేయకూడదని ఒక పెద్ద ఆస్పత్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2011లో కోర్టు ఒప్పుకోలేదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. న్యూయార్క్‌లో రాష్ట్ర పన్ను ఉంది, దాని మీద నగరం పన్ను ఇంకొకటి. అన్నీ పోను శాన్ ఆంటోనియో అమ్మాయి చేతికి నెలకు సుమారు 4,490 వస్తాయి. న్యూయార్క్ అమ్మాయికి 5,085. పదహారు వందల తేడా కాస్తా ఆరువందలకు దిగింది. ఇంకా అద్దె కట్టనేలేదు.

అద్దె దగ్గర న్యూయార్క్‌లో ఒక ఆచారం ఉంది. మీ ఏడాది ఆదాయం నెల అద్దెకు నలభై రెట్లుంటే తప్ప ఇంటివాళ్ళు సంతకం పెట్టరు. 85,000ను నలభైతో భాగించండి. 2,125. ఆ డబ్బుకి మాన్‌హాటన్‌లో విడిగా ఒక బెడ్రూం ఇల్లు దొరకడం కలలో మాట. అంత ఆదాయం లేకపోతే హామీదారుణ్ణి తెమ్మంటారు. ఆయనకు ఎనభై రెట్లుండాలి. మన పిల్లలకు ఇక్కడ హామీ ఉండేదెవరు? అమెరికాలో ఉన్న బాబాయో, నాన్న స్నేహితుడో. వాళ్ళు ఎప్పుడో యూనివర్సిటీ లోనుకు కో-సైన్ చేసి ఉంటారు, మళ్ళీ అడగాలంటే నోరు రాదు.

నా సంగతి చెబుతాను. 2009లో నేను బ్రాంక్స్‌లో ఒక ఆస్పత్రిలో జి.పి.ఆర్. చేశాను. ఈ నలభై రెట్ల గోడ తగిలి, నగరం వదిలేసి నది అవతల జెర్సీ సిటీకి వచ్చాను. నూవార్క్ ఎవెన్యూ దగ్గర, మనవాళ్ళ కిరాణా కొట్లకు రెండు వీధుల అవతల, ఒక పాత అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఆడపిల్లలం. మిగతా ముగ్గురూ సాఫ్ట్‌వేర్. నా వాటాకి వచ్చింది హాలు. హాల్లో ఒక మూల తీగ కట్టి, పాత దుప్పటి వేలాడదీస్తే అదే నా గది. టీవీ దుప్పటికి అవతల, నేను ఇవతల. అద్దె చవక. పైగా నగరంలో కాపురం లేదు కాబట్టి నగరం పన్ను పడలేదు. కాగితం మీద నా అంత తెలివైనది లేదు.

కానీ బ్రాంక్స్ వెళ్ళడానికి జెర్సీ సిటీలో పాత్ రైలు ఎక్కి, ముప్పై మూడో వీధిలో దిగి, అక్కడ డి రైలు పట్టుకోవాలి. అన్నీ సవ్యంగా ఉంటే గంటన్నర. రాత్రిళ్ళు పాత్ రైలు హొబోకెన్ చుట్టూ తిరిగి వచ్చేది. ఆన్-కాల్ రోజు పేజర్ మోగితే అరగంటలో ఆస్పత్రిలో ఉండాలని మా ప్రోగ్రాం నియమం. గంటన్నర దూరంలో ఉన్నదాన్ని అరగంటలో ఎలా వస్తాను? నాలుగు రాత్రులకు ఒకసారి ఆస్పత్రిలోనే పడుకునేదాన్ని. అది గది కూడా కాదు, పాత ఎక్స్‌రే ఫైళ్ళు పెట్టే చోటు, అందులో ఒక మడతమంచం. ఒక రాత్రి రెండింటికి పిలుపొచ్చింది. ఏడెనిమిదేళ్ళ పిల్లాడు, చెంప కింద నుంచి కంటి దాకా వాచిపోయి, కన్ను మూసుకుపోయింది. పన్ను చీము పైకెక్కింది. తల్లి వాణ్ణి దుప్పట్లో చుట్టి పట్టుకుని కూర్చుంది. ఐ.వి. పెట్టించి, సీనియర్‌ను పిలిచి, తెల్లారేదాకా నిలబడ్డాను. మర్నాడు పగలంతా మామూలు క్లినిక్కు. సాయంత్రం రైల్లో నిద్రపోయి ఒక స్టేషను కాదు, ఆరు స్టేషన్లు దాటిపోయాను. ఆ నెల నుంచి ఆన్-కాల్ మర్నాడు టాక్సీ ఎక్కడం మొదలుపెట్టాను. అద్దెలో మిగిలిందంతా టాక్సీవాడికి పోసినట్టయింది.

కాబట్టి షీటులో మూడో కాలమ్ అద్దె కాదు. ‘ఆస్పత్రికి ఇరవై నిమిషాల్లో ఉన్న ఇంటి అద్దె.’ ఈ రెండూ వేరువేరు అంకెలు. కొన్ని ఆస్పత్రులు రెసిడెంట్లకు తక్కువ అద్దెకు సొంత క్వార్టర్స్ ఇస్తాయి. ఇంటర్వ్యూ రోజు దీన్ని అడగడానికి మన పిల్లలు మొహమాటపడతారు. అడగండి. డైరెక్టరును కాదు, భోజనాల దగ్గర రెసిడెంట్లను. వాళ్ళు నిజం చెబుతారు. పార్కింగుకి ఎంత కోస్తారో, ఆన్-కాల్ రాత్రి భోజనానికి కార్డు ఇస్తారో లేదో, హెల్త్ ఇన్సూరెన్సుకి నెలకెంత పట్టుకుంటారో వాళ్ళే చెబుతారు.

టెక్సాస్ వైపు కూడా చూడాలి, లేకపోతే అన్యాయం. అక్కడ అద్దె సగానికి సగం తక్కువ. కానీ కారు లేకుండా కదలలేరు. కారు కిస్తీ, ఇన్సూరెన్సు, పెట్రోలు. కొత్తగా లైసెన్సు తీసుకున్న డ్రైవరుకి ఆ ఇన్సూరెన్సు ఎంతుంటుందో కట్టినవాళ్ళకే తెలుసు. న్యూయార్క్‌లో సబ్‌వే టిక్కెట్టు మూడు డాలర్లు అనుకోండి, దానితో ఊరంతా తిరగొచ్చు. ఈ లెక్కలన్నీ వేసినా చివరికి శాన్ ఆంటోనియో అమ్మాయి దగ్గరే ఎక్కువ మిగులుతుంది. కానీ కారు ఖర్చు రాయకుండా ‘చవక ఊరు’ అని మాత్రం అనకండి.

చవక ఊళ్ళంటే గుర్తొచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉత్తరాన రోచెస్టర్ అని ఒక ఊరుంది. కోడాక్ కెమెరాల జార్జ్ ఈస్ట్‌మన్ ఊరు. ఆయన అక్కడ పేదపిల్లల పళ్ళ కోసం 1917లో ఒక డిస్పెన్సరీ పెట్టించాడు. తరవాత లండన్, రోమ్, పారిస్ లాంటి చోట్ల కూడా పెట్టించాడు. ఆ డిస్పెన్సరీయే ఇప్పుడు రోచెస్టర్ యూనివర్సిటీలో పెద్ద డెంటల్ సంస్థ. అద్దెలు న్యూయార్క్ నగరంతో పోల్చే పనే లేదు. మంచు మాత్రం నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా వదలదు. న్యూయార్క్ లైసెన్సు కావాలి, నగరం అద్దె వద్దు అనుకునేవాళ్ళు ఆ రాష్ట్రం మ్యాపులో పైవైపు కూడా ఒకసారి చూడాలి.

ఇక మనవాళ్ళకు మాత్రమే వర్తించే ఒక కాలమ్ ఉంది, వీసా. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద డి.డి.ఎస్. పూర్తిచేస్తే ఓ.పి.టి. అనే పని అనుమతి 12 నెలలు దొరుకుతుంది. ఏడాది రెసిడెన్సీకి అది సరిగ్గా సరిపోతుంది. ఇంకా బాగున్న సంగతేమిటంటే, ఎఫ్-1లో మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలూ ఇందాక చెప్పిన 7.65 శాతం కోత పడదు. 65,000 మీద అది దాదాపు 5,000 డాలర్లు. ఇంకొకటి. విదేశీ విద్యార్థులకు మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ ఇవ్వరు. భారతదేశం నుంచి వచ్చిన విద్యార్థులకు ఇస్తారు, రెండు దేశాల పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ ప్రకారం. పేరోల్ ఆఫీసులో ఇది తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు. మొదటి జీతం చీటీలో ఆ 7.65 శాతం కోత కనిపిస్తే వెంటనే వెళ్ళి అడగాలి.

కానీ మన పిల్లల్లో చాలామంది బి.డి.ఎస్. కాగానే డి.డి.ఎస్.లో చేరరు. ముందు ఎం.పి.హెచ్.లోనో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లోనో చేరి, ఆ రెండేళ్ళలో పరీక్షలు రాసుకుని, అప్పుడు డి.డి.ఎస్.కి వెళతారు. అలా వచ్చినవాళ్ళకు రెసిడెన్సీ నాటికి అయిదేళ్ళు దాటిపోతాయి. వాళ్ళు మామూలుగా అందరిలాగే కట్టాలి. ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు గుంటూరు పిల్లలకు, ఒకే స్టైపెండు మీద, నెలకు నాలుగు వందల డాలర్ల తేడా వస్తుంది.

ఇంకో అలవాటు గురించి ఒక మాట. స్టైపెండు చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని ఎనభై అయిదుతోనో తొంభైతోనో గుణిస్తారు. ‘అరవై లక్షలా!’ అంటారు. అద్దె కూడా డాలర్లలోనే కడుతున్నారు కదా. దాన్ని మాత్రం ఎవరూ గుణించరు. గుణించాల్సిన సందర్భం ఒక్కటే, ఊళ్ళో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన బ్యాంకు అప్పు. దాని వడ్డీ రెసిడెన్సీ ఏడాది కూడా ఆగదు. ఆ కిస్తీకి నెలకెన్ని డాలర్లు పంపాలో షీటులో అన్నింటికన్నా ముందు రాయాలి.

అమెరికా పిల్లల అప్పులు మరో రకం. ఇక్కడ డెంటల్ స్కూలు నుంచి అప్పుతో బయటికొచ్చేవాళ్ళ సగటు అప్పు సుమారు 3 లక్షల డాలర్లు. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఒక వెసులుబాటుంది. లాభాపేక్ష లేని సంస్థలోనో ప్రభుత్వంలోనో పనిచేస్తూ 120 నెలల కిస్తీలు కడితే మిగతా ఫెడరల్ అప్పు మాఫీ. 2007 నాటి పథకం. అలాంటి ఆస్పత్రిలో చేసిన రెసిడెన్సీ నెలలు కూడా ఆ 120లో లెక్కకొస్తాయి. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇది చాలా విలువైన కాలమ్. 2026 జులై నుంచి కొత్తగా చేరేవాళ్ళకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000, మొత్తం మీద 2 లక్షలు దాటి ఇవ్వరు. మిగతాది ప్రైవేటు అప్పే. ప్రైవేటు అప్పుకి మాఫీ లేదు.

ఇప్పుడు గంటల లెక్క. ఆస్పత్రి జి.పి.ఆర్. 66,000 ఇస్తోంది, వారానికి అరవై గంటల పని. క్లినిక్కు ఏ.ఇ.జి.డి. 58,000 ఇస్తోంది, నలభై గంటలు. ఏడాదికి యాభై వారాలు వేసుకోండి. మొదటిదాంట్లో గంటకు 22 డాలర్లు, రెండోదాంట్లో 29. నోట్లో సక్షన్ పట్టుకుని పక్కన నిలబడే అసిస్టెంటుకి కూడా ఇక్కడ గంటకు ఇరవై పైమాటే. ఇది చెబితే పిల్లలు నీరుగారిపోతారు. నేను మాత్రం జి.పి.ఆర్. వైపే మొగ్గుతాను. ఎందుకో చెబుతాను.

అసలు రెసిడెన్సీ చేయడమే ఒక ఖర్చు. 2023లో అమెరికా డెంటిస్టుల ఆదాయంలో నడిమి అంకె 1,70,000 డాలర్ల చుట్టూ ఉంది. కొత్తవాళ్ళకు అంత రాకపోయినా, రెసిడెన్సీలో చేరిన ఏడాది తక్కువలో తక్కువ 70, 80 వేలు వదులుకుంటున్నాం. అంత వదులుకున్నవాళ్ళం, రెండు ప్రోగ్రాంల మధ్య 4,000 తేడా దగ్గర పీటముడి వేసుకుని కూర్చుంటాం. వదులుకున్న దానికి బదులుగా ఏమొస్తోందో అది చూడాలి. పోయిన ఏడాది రెసిడెంట్లు ఒక్కొక్కరు ఎన్ని జ్ఞానదంతాలు తీశారు? ఇంప్లాంట్లు తమ చేత్తో పెట్టారా, పక్కన నిలబడి చూశారా? ఆపరేషన్ థియేటరుకి ఎన్నిసార్లు వెళ్ళారు? రక్తం పలచబడే మందు వాడుతున్నవాళ్ళు, రేడియేషన్ అయినవాళ్ళు వస్తారా? ఇంకొకటి, చిన్నదిగా కనిపిస్తుంది, మీకు అసిస్టెంటు ఉంటారా? కొన్నిచోట్ల ఉండరు. రెసిడెంటే కుర్చీ తుడవాలి, తనే ట్రే సర్దాలి, ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో సక్షన్ పట్టుకుని మూడో చెయ్యి కోసం వెతుక్కోవాలి. అక్కడ ఏడాదిలో చూసే పేషెంట్లు సగానికి పడిపోతారు. స్టైపెండు ఎంతైతే ఏం లాభం?

ఆ రాత్రి ఫోనులో మా అమ్మాయితో అన్నాను, డబ్బును గడపలాగా వాడుకో, నిచ్చెనలాగా కాదు అని. అంటే ఇది. అప్పు కిస్తీ, ఇరవై నిమిషాల దూరంలో ఇల్లు, తిండి, కారో రైలో, ఇన్సూరెన్సు. ఇవన్నీ కలిపి నెలకు నీకెంత కావాలో ఒక అంకె వేసుకో. ఆ అంకె అందని ప్రోగ్రాంని జాబితాలోంచే తీసెయ్యి. చివర్లో కూడా పెట్టకు, అక్కడ పడితే వెళ్ళక తప్పదు. గడప దాటినవాటిని మాత్రం మళ్ళీ డబ్బుతో వరస పెట్టకు. అక్కడి నుంచి ఎవరు బాగా నేర్పుతారన్నదే చూడు.

ఇది ఏడాది రెసిడెన్సీల మాట. స్పెషాలిటీకి ఈ సలహా పనికిరాదు. పిల్లల డెంటిస్ట్రీ రెండేళ్ళు అనుకోండి. ఒక పిల్లల ఆస్పత్రి ఏడాదికి 65,000 ఇస్తుంది. ఒక యూనివర్సిటీ ఏడాదికి 60,000 అడుగుతుంది. రెండేళ్ళలో తేడా 2,50,000 డాలర్లు, బతకడానికి తెచ్చే అప్పు కాకుండానే. క్లిప్పుల స్పెషాలిటీలోనూ రూట్ కెనాల్ స్పెషాలిటీలోనూ ఏడాదికి లక్ష డాలర్ల చుట్టూ తిరిగే ఫీజులున్నాయి. దవడ సర్జరీవాళ్ళకు ఎక్కువగా ఆస్పత్రి జీతమే, కాకపోతే నాలుగేళ్ళు, ఎం.డి. కూడా కలిస్తే ఆరేళ్ళు. ఇంత తేడా ఉన్నప్పుడు డబ్బే నిచ్చెన. అక్కడ నేర్పు గురించి మాట్లాడ్డం, ఇల్లమ్మి పందిరి వేసినట్టుంటుంది. రెండు చోట్లా సర్టిఫికెట్టు ఒకటే, చేసే పని ఒకటే.

పెళ్ళయినవాళ్ళ షీటు వేరే ఉండాలి. మన ఇళ్ళల్లో మామూలుగా జరిగేదేమిటంటే, ఆయన హెచ్-1బి మీద డల్లాస్‌లో, ఈమెకు రెసిడెన్సీ ఈశాన్యంలో ఎక్కడో. రెండు అద్దెలు, రెండు కరెంటు బిల్లులు, నెలకోసారి విమానం. ఊళ్ళ ఖర్చుల పట్టికలు ఇంటర్నెట్టులో ఎన్నో ఉన్నాయి, వాటిలో డల్లాస్ ఇంత, బోస్టన్ ఇంత అని ఉంటుంది. ఈమెకు ఆ పట్టికలు దేనికి? ఈమెకు అన్నింటికన్నా చవకైన ఊరు, అప్పటికే ఇంటి తాళంచెవి ఉన్న ఊరు. చంటిపిల్లలుంటే ఇంకా. పెద్ద నగరాల్లో డే కేర్ నెలకు 2,000 డాలర్లు దాటడం మామూలే. అందుకే అమ్మ ఆరు నెలలు, అత్తగారు ఆరు నెలలు విజిటర్ వీసా మీద వచ్చి వెళుతుంటారు. అమెరికాలో తెలుగు డెంటిస్టుల్లో ఎంతమంది రెసిడెన్సీ ఆ అమ్మమ్మల, నానమ్మల మోకాళ్ళ మీద నడిచిందో ఏ పట్టికలోనూ ఉండదు.

ఒక చిన్న విషయం చెప్పి మా అమ్మాయి దగ్గరికి వస్తాను. డిగ్రీ మే నెలలో వస్తుంది. రెసిడెన్సీ జూన్ చివర్లోనో జులై ఒకటినో మొదలవుతుంది. మొదటి జీతం జులై మధ్యలో. ఈ మధ్యలో ఇల్లు ఖాళీ చెయ్యాలి, కొత్తచోట డిపాజిట్టు కట్టాలి, లైసెన్సు ఫీజులు, పరుపు, ప్రెషర్ కుక్కరు. ఆ రెండు నెలలకు చేతిలో నాలుగైదు వేల డాలర్లు లేకపోతే క్రెడిట్ కార్డు మీద పడతారు, అది పన్నెండు నెలలూ వెంటాడుతుంది. న్యూయార్క్‌లో ఒకప్పుడు దీనికి తోడు బ్రోకరు ఫీజు ఉండేది. 2025 జూన్ నుంచి బ్రోకరును పెట్టుకున్నవాళ్ళే ఫీజు కట్టాలని చట్టం వచ్చింది. నా రోజుల్లో ఆ చట్టం లేదు.

మా అమ్మాయి ఆ రాత్రి ఫోను పెట్టేసి, మూడు రోజుల తరవాత షీటు పంపింది. రెండు కాలమ్స్ పదకొండయ్యాయి. తొమ్మిది ప్రోగ్రాంలు ఆరయ్యాయి. ఎక్కువ స్టైపెండు ఇచ్చేది, అదీ న్యూయార్క్ నగరంలోది, జాబితాలోనే లేదు. తనకు కావలసిన అంకె అక్కడ అందలేదట. మొదట పెట్టింది స్టైపెండులో అయిదోది. అక్కడ ఇద్దరు రెసిడెంట్లకు ఒక అసిస్టెంటు ఉంటుందని, థియేటరుకి వారానికి ఒక రోజు కచ్చితమని పక్కన రాసుకుంది.

జనవరి చివర ఈమెయిల్ వచ్చింది. మొదటిది రాలేదు, రెండోది వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రమే, ఉత్తరాన. వాళ్ళమ్మ అప్పుడే విజయవాడ నుంచి ఫోన్ చేసి ‘ఎంతిస్తారంట?’ అని అడిగేసిందట. సాయంత్రం నాకు ఫోన్ చేసింది. సంతోషం, ఏడుపు, అన్నీ అయ్యాయి. కాసేపాగి, “పెద్దమ్మా, అక్కడ కారుకి మంచు టైర్లు కావాలంట కదా. ముందు రెండు మారిస్తే చాలా, నాలుగూ మార్చాలా?” అంది.

“నాలుగూ మార్చాలే,” అన్నాను.

“అయితే ఇంకో కాలమ్,” అంది.